గారడి చేసిన నేరమేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇటీవల మీ పత్రిక మొదటి పుటలో బడ్జెట్ కేటాయింపుల మీద వచ్చిన కథనానికి ‘అంకెల గారడి’ అని శీర్షిక పెట్టారు. అదే సంచిక క్రీడల పుటలో ఒక బౌలరు వరసగా వికెట్లు కూల్చిన వార్తకు ‘స్పిన్ మాయాజాలం’ అని పెట్టారు. సినిమా పుటలో ఒక సంగీత దర్శకుడు ‘మళ్ళీ మేజిక్ చేశాడు’ అని రాశారు. మూడు మాటలూ దాదాపు ఒకే విద్యను చెప్పేవి. అయినా సంస్కృత సమాసానికీ ఇంగ్లీషు మాటకీ మెప్పు దక్కింది, తెలుగువాడి నోట నలిగి నలిగి తెలుగైపోయిన గారడికి మాత్రం నింద మిగిలింది.

కథనంలోని వాదంతో నాకు పేచీ లేదు. సవరించిన అంచనాలనూ, చివరికి అయిన ఖర్చునూ పక్కపక్కన పెట్టి మీ విలేఖరి చూపిన తేడా నాబోటి లెక్కలు రానివాడికి కూడా అర్థమైంది. నా పేచీ శీర్షికతోనే. 34 ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు విన్నవించుకోకుండా ఉండలేకపోతున్నాను. ఉత్తరం కొంత పొడుగైతే మన్నించండి.

గారడికి మూలం గరుడుడు. గరుడునికి సంబంధించినది గారుడం. తల్లి వినతను దాస్యం నుంచి విడిపించడానికి అమృతం తెచ్చి, పాములు తనకు ఆహారం కావాలని ఇంద్రుని వల్ల వరం పొందిన గరుత్మంతుని కథ ఆదిపర్వం చదివిన వారందరికీ తెలిసిందే. పాములకు ఆ పక్షి పగ కనుక పాము విషానికి ఆ పక్షి పేరే విరుగుడని పూర్వులు నమ్మారు, ఆ పేరు మీద విషం దించే మంత్రాలూ మందులూ చెప్పే విద్యను గారుడ విద్య అన్నారు. శైవ వాఙ్మయంలో గారుడ తంత్రాలని ఒక శాఖే ఏర్పడింది. గరుడపురాణం అనగానే మనకు చావింట చదివించే ప్రేతకల్పమే గుర్తొస్తుంది గాని, దాని పూర్వభాగంలో పాముకాటుకు చేయవలసిన మంత్ర ప్రయోగాలు కూడా ఉన్నాయి. అమరకోశమనే సంస్కృత పర్యాయపద నిఘంటువులో పచ్చరాయికి పర్యాయపదాలు చెబుతూ అమరసింహుడు మొట్టమొదట చెప్పిన పేరు ‘గారుత్మతం’. ఆ రాయి విషాన్ని హరిస్తుందన్న పాత నమ్మకం తెలుగులో ‘గరుడపచ్చ’ అనే మాటలో ఇప్పటికీ నిలిచి ఉంది.

ఈ విద్య ఏదో ఊరి చివర పుట్టిన క్షుద్రవిద్య కాదు. ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుని దగ్గరికి వెళ్ళి తనకు ఉపదేశం చేయమని అడిగినప్పుడు, ముందు నీకేమి వచ్చునో చెప్పమని ఆయన అంటాడు. ఋగ్వేదం మొదలుకొని తాను చదివిన చదువులన్నీ నారదుడు ఏకరువు పెడతాడు. ఆ జాబితాలో గణితంతోపాటు, నక్షత్ర విద్యతోపాటు సర్పవిద్య కూడా ఉంది. ఆ వరసను చూస్తే మన గారడివాడి పూర్వీకుడు పండితుల పంక్తిలో కూర్చున్నవాడేనని ఒప్పుకోవలసి వస్తుంది.

మరి వైద్యం వినోదంగా ఎప్పుడు మారింది? ఫలానా తేదీ అని చెప్పగల మార్పు కాదిది. అమరకోశం నాటికి ఇద్దరు వేర్వేరు మనుషులున్నారు. విషవైద్యుడు జాంగులికుడు, పాములు పట్టేవాడు వ్యాలగ్రాహి లేదా అహితుండికుడు. ముద్రారాక్షసమనే సంస్కృత నాటకంలో రెండో అంకం తెర తీయగానే రాక్షసుడనే పేరుగల మంత్రి ఇంటి ముందుకు పాములవాడొకడు వస్తాడు. పేరు జీర్ణవిషుడు, అంటే విషాన్ని అరిగించుకున్నవాడు. నిజానికి అతడు విరాధగుప్తుడనే గూఢచారి. పాముల బుట్ట భుజాన వేసుకున్నవాడు రాచనగరిలో ఏ వాకిటికైనా వెళ్ళగలడు, జనం గుమిగూడినా ఎవరూ అనుమానించరు, అందుకే ఆ వేషం. అంటే అప్పటికే పామును ఆడించడం చూడముచ్చటైన వేడుక అయిపోయిందన్నమాట. మందు అమ్మాలంటే ముందు జనం చేరాలి, జనం చేరాలంటే పాము పడగ విప్పాలి. పాము బుట్టలోకి వెళ్ళాక కూడా జనాన్ని కదలకుండా నిలబెట్టాలంటే చేతిలో మరో రెండు విద్యలుండాలి. అలా వేరుముక్కలమ్మే విషవైద్యుడి పక్కన హస్తలాఘవం, అంటే కంటికి అందని చేతి నేర్పు, వచ్చి చేరింది. కాలక్రమంలో హస్తలాఘవమే మిగిలి వైద్యం వెనకబడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరవాత పామును పట్టి ఆడించడమే నేరమైంది కనుక గారడి నుంచి పాము కూడా వెళ్ళిపోయింది. గరుడుని పేరు మోస్తున్న విద్యలో ఇప్పుడు గరుడుడూ లేడు, పామూ లేదు.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి, లేకపోతే నేను మంత్రాలకు వకాల్తా తీసుకున్నానని ఎవరైనా అనుకోవచ్చు. గారుడ మంత్రం విషాన్ని దించిందని జనం తరతరాలుగా నమ్మడానికి కారణం మంత్రంలో లేదు, పాముల్లో ఉంది. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. విషమున్న పాము సైతం కరిచిన ప్రతిసారీ ఒంట్లోకి విషం ఎక్కించదు. అలాంటి కాటు తిన్నవాడు ఏమీ చేయకపోయినా బతుకుతాడు, ఆ బతికిన కీర్తి మంత్రం వేసినవాడి ఖాతాలో పడుతుంది. నాగుపాముగాని, కట్లపాముగాని, రక్తపింజరిగాని, చిన్నపింజరిగాని నిజంగా విషం ఎక్కించినప్పుడు పనికివచ్చేది ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు సీరం ఒక్కటే. ఆ నాలుగింటి విషానికీ కలిపి పనిచేసే సీరం మన దేశంలో తయారవుతోంది. గారడి అనే మాటను గౌరవించండని నేను కోరుతున్నాను, పాము కరిస్తే గారడివాణ్ణి వెతకమని కోరడం లేదు.

మాట రూపం మారిన తీరు సులభమైనదే. గారుడం జనం నోట గారడమైంది, గారడం గారడి అయింది, ఆ విద్య చేసేవాడు గారడీడూ గారడివాడూ అయ్యాడు. నడుమ ఉన్న ఉకారం అరిగిపోవడంతో గరుడుడు కూడా కనపడకుండా పోయాడు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఈ మాటను ‘గరిడి’తో కలపవద్దని నేను ప్రత్యేకంగా హెచ్చరించేవాణ్ణి. మొదటి అక్షరానికి దీర్ఘం లేని ఆ గరిడి సాము చేసే చోటు, కర్రా కత్తీ తిప్పడం నేర్పే శాల. దానికీ గరుడునికీ చుట్టరికం లేదు. ఒకసారి ఒక విద్యార్థి ‘మా తాత గరిడీ గురువు’ అని గర్వంగా చెబితే, తరగతి అంతా ఆయన టోపీలోంచి కుందేలును తీస్తాడేమో అనుకుంది.

ఇప్పుడు పొరుగు భాషలు చూడండి. మరాఠీలో గారుడీ అంటే పామును ఆడించేవాడు, గారడి చేసేవాడు కూడా. హిందీలో గారుడీ అంటే పాము విషం దించేవాడన్న పాత అర్థం నిఘంటువుల్లో నిలిచే ఉంది. కన్నడంలో గారుడి, గారుడిగ అనే రూపాలున్నాయి. కన్నడిగులు తమ మహాకవి ద. రా. బేంద్రేను ‘శబ్దగారుడిగ’ అని పిలుచుకుంటారు. జ్ఞానపీఠ పురస్కారం పొందిన కవికి, ఆ జాతి తలమీద పెట్టుకున్న కవికి, వాళ్ళు ప్రేమగా ఇచ్చుకున్న బిరుదు అది. దాన్ని అక్షరాలా తెలుగు చేస్తే ‘మాటల గారడివాడు’ అవుతుంది. మన పత్రికల్లో ఎవరినైనా అలా అంటే అతడు హామీలిచ్చి ఎగ్గొట్టిన నాయకుడని పాఠకుడు నిశ్చయించుకుంటాడు. ఒకే మూలం నుంచి పుట్టిన ఒకే సమాసం తుంగభద్రకు ఆవల బిరుదు, ఈవల నింద. ఇందులో గారడి తప్పు ఏముంది?

మన పూర్వులు మాత్రం ఈ విద్యను చిన్నచూపు చూడలేదు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల జాబితాలో ఐంద్రజాలం ఒకటి, హస్తలాఘవం ఒకటి. హస్తలాఘవానికి మనం ఇప్పుడు ఇచ్చిన గతి తలచుకుంటే నవ్వు వస్తుంది, దానికి తెలుగైన ‘చేతివాటం’ మీ నేరవార్తల్లో దొంగతనానికి మర్యాదపేరుగా స్థిరపడిపోయింది. శ్రీహర్షుని రత్నావళి నాలుగో అంకంలో ఐంద్రజాలికుడు నిండు కొలువులో ఆకాశాన దేవతలను చూపిస్తాడు, ఆ తరవాత అంతఃపురం తగలబడుతున్నట్టు భ్రమ కల్పిస్తాడు, ఆ భ్రమే నాటక కథను చిక్కుముడి నుంచి బయటపడేస్తుంది. తెలుగునాట విప్రవినోదులని ఇంద్రజాలమే వృత్తిగా బతికినవారు ఉండేవారు, విజయనగర కాలపు శాసనాల్లో వారి పేరు కనిపిస్తుంది. తెలంగాణలో పద్మశాలీలను ఆశ్రయించి, వారి ముంగిళ్ళలో ఈ విద్యను ప్రదర్శించే సాధనాశూరులున్నారు. ఈ పేర్లను కొంచెం ఆగి చదవండి. ఒక పేరులో వినోదం ఉంది, మరొక పేరులో సాధన ఉంది. వంచన అనే అర్థం వెతికినా కనపడదు.

నేను స్వయంగా చూసిన గారడివాడి సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళతాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు ఉంటాయి. మా వీధి మలుపులో గోనెపట్టా పరిచి ఒక ముసలాయన కూర్చున్నాడు. ఎదురుగా బోర్లించిన మూడు చెక్కగిన్నెలు, గుడ్డపీలికలతో చుట్టిన నాలుగు ఉండలు, ఎడమచేతిలో చిన్న డమరుకం. ఉండను మధ్య గిన్నె కింద పెట్టి, డమరుకం ఆడించి గిన్నె ఎత్తితే ఉండ లేదు, పక్క గిన్నె ఎత్తితే రెండున్నాయి. డమరుకం మోగినప్పుడల్లా మా కళ్ళన్నీ ఆ చేతి మీదికే పోతున్నాయని, అసలు పని రెండో చెయ్యి చేస్తోందని నాకు అర్థం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. తరవాత మామిడి టెంకను మట్టిలో పాతి, గుడ్డ కప్పి, తీసి, మళ్ళీ కప్పి, చివరికి రెండు ఆకులున్న మొక్కను చూపించాడు. అంతా అయ్యాక పొట్ట మీద చేత్తో చరుచుకుని, ‘మంత్రమూ లేదు తంత్రమూ లేదు బాబూ, ఇదంతా దీనికోసమే’ అన్నాడు. కోటి విద్యలూ కూటి కొరకే అన్న సామెతను బడిలో చదవక మునుపే నేను అలా కళ్ళారా చూశాను. మా నాన్నగారు ఆయనను ‘పెద్దాయనా, ఇంకోసారి చూపించు’ అని అడిగి మరీ డబ్బులిచ్చారు. మోసపోయానని తెలిసినవాడు మోసం చేసినవాణ్ణి పిలిచి ఇంకోసారి చేయమని అడిగే చోటు లోకంలో ఇదొక్కటేనేమో.

తేడా అంతా అక్కడే ఉంది. గారడిలో చేసేవాడికీ చూసేవాడికీ నడుమ ఒక ఒప్పందం ఉంటుంది. కన్ను మోసపోతుంది గాని మనిషి మోసపోడు. కనికట్టు అనే మాట కట్టుబాటు చూడండి, కట్టు పడింది కంటికే, బుద్ధికి కాదు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఒక సూక్ష్మమైన వేదాంత విషయం తేటపరచడానికి మాయావిని ఉపమానంగా తెచ్చుకున్నారు. కత్తీ డాలూ పట్టుకుని దారం మీద ఆకాశానికి ఎక్కుతున్నట్టు కనిపించే మాయావి వేరు, నేలమీద నిలబడి ఉన్న అసలు మాయావి వేరు అన్నారు. పైకి ఎక్కినవాడు ఎంత అబద్ధమైనా కింద నిలిచినవాడు నిజం. బడ్జెట్ పుస్తకంలో పై అంకె అబద్ధమైతే కింద నిలబడి ఉన్న నిజమేదో చూపేవారెవరు? పాఠకుడు ఆ ఆటకు టిక్కెట్టు కొనలేదు, ఇంకోసారి చూపించమని అడగనూ లేదు.

ఏలికల మోసానికి మాంత్రిక పరిభాషే కావాలని మీ ఉపసంపాదకులకు పట్టుదల ఉంటే అందుకు శాస్త్రం ఒప్పిన మాట వేరే ఉంది. సామదానభేదదండాలనే నాలుగు ఉపాయాలు మనకు కంఠస్థం. కామందకుడు తన నీతిసారంలో వాటికి మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం అని మరో మూడు చేర్చి ఏడు చేశాడు. ఆయన ఇంద్రజాలాన్ని చెప్పింది రాజనీతి సాధనంగా, శత్రువును భ్రమపెట్టి గెలిచే ఉపాయంగా. ఇంద్రజాలం అంటే ఇంద్రుని వల, ఆ మాట పుట్టుక కూడా యుద్ధంలోనే ఉంది. అథర్వవేదం ఎనిమిదో కాండంలో ఇంద్రుడు శత్రుసేనల మీద వల విసురుతాడు, ఈ మహాలోకమే ఆయన వల అని అక్కడ చెప్పారు. కాబట్టి ప్రజల మీద వల పన్నిన లెక్కలకు ‘అంకెల ఇంద్రజాలం’ అంటే అందులో న్యాయం ఉంది. చిత్రమేమిటంటే మనం ఇంద్రజాలాన్ని సభల్లో శాలువా కప్పే కళకు కేటాయించి, వైద్యం నుంచి పుట్టిన గారడిని మోసానికి అంటగట్టాం. పీటలు తారుమారయ్యాయి.

వాడుకే ప్రమాణం గదా, జనం ఆ అర్థంలో వాడుతుంటే మీకేమి అభ్యంతరం అని అడగవచ్చు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. గారుడం వైద్యం నుంచి వినోదానికి జరిగినప్పుడు ఏ పండితుడూ అడ్డుకోలేకపోయాడు, అడ్డుకోనక్కరలేదు కూడా. అయితే ఆ మార్పు సంతల్లో, వీధుల్లో, వందల ఏళ్ళలో జరిగింది. వినోదం నుంచి వంచనకు జరుగుతున్న ఈ రెండో మార్పులో పత్రికల శీర్షికల వాటా చాలా పెద్దది. ఇంట్లో మాటల మధ్య ఎవరో గారడి చేస్తున్నాడని విసుక్కుంటే అది గాలికి పోతుంది. మీరు అచ్చు వేస్తే లక్షల ఇళ్ళకు చేరుతుంది, పోటీ పరీక్షల పుస్తకంలో పర్యాయపదంగా కూర్చుంటుంది.

మరోవైపు, చేతబడి అనుమానంతో ఎవరినో కొట్టి చంపిన వార్తల్లో మీ విలేఖరులు హతుణ్ణి ‘మంత్రగాడు’ అని రాస్తూ ఉంటారు. అతడు మంత్రగాడని అన్నది చంపినవాళ్ళు. ఆ మాటకు కొటేషన్ గుర్తులైనా పెట్టకుండా శీర్షికలోకి ఎక్కిస్తే చంపినవాళ్ళ సాక్ష్యాన్ని పత్రిక ఒప్పుకున్నట్టు అవుతుంది. ‘మంత్రగాడనే నెపంతో’ అని రాస్తే సరిపోతుంది. గారడి విషయంలో పోయేది ఒక మాట పరువు, ఇక్కడ పోతున్నది ప్రాణం. కనుక రెండింటిలో ఒక్కటే సరిదిద్దే తీరిక మీకుంటే ముందు దీన్నే సరిదిద్దండి.

అంకెల సంగతికి వస్తే, తెలుగులో మోసానికి మాటల కరువేమీ లేదు. మసిపూసి మారేడుకాయ చేయడం అనే జాతీయం ఉంది, శీర్షికకు అది పొడుగనిపిస్తే తిరకాసు ఉంది, బూటకం ఉంది, బొంకు ఉంది. అన్నిటికంటే మేలైనది, ఇలాంటి లెక్కల కోసమే పుట్టినది ‘కాకిలెక్కలు’. శీర్షికలో చోటు చాలదన్నది మీ ఉపసంపాదకులు సాధారణంగా చెప్పే జవాబు కనుక లెక్కపెట్టే చెబుతున్నాను. ‘అంకెల గారడి’ ఆరు అక్షరాలు, ‘కాకిలెక్కలు’ అయిదే.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు